ఐదోనాటి తలస్నానం

సిరిసిల్ల నుంచి కరీంనగర్ పోయే బస్సులో మమతారాణి ఒక్క తీరుగా కూర్చోలేకపోతోంది. కొంగు వెనక్కి లాగి చూసుకుంటుంది, మళ్ళీ ముందుకు సర్దుకుంటుంది, ఏమీ తోచక కిటికీ అద్దం అటూ ఇటూ జరుపుతుంది. పక్కన కూర్చున్న అత్త శంకరవ్వకు ఇవేవీ పట్టలేదు. ఆమె ముందు సీటులో కూర్చున్న, తమతోపాటే డాక్టరమ్మ దగ్గరికి వస్తున్న వాళ్ళ వాడ రమకు కోడలి గర్భసంచి కథ చెబుతోంది. రమకు చెబుతోందన్నది పేరుకే, బస్సులో సగం మంది వింటున్నారు.

మునుపు నెలకు పదిహేను దినాలు ముట్టు రక్తం పోయేదట. మగ్గం పక్కనే కళ్ళు తిరిగి పడిపోయిందట. స్కానింగు తీసి, గర్భసంచి ఉబ్బింది, తీసెయ్యాలన్నారట. ఇప్పుడు ఆయుర్వేదం డాక్టరమ్మ మందుతో ఐదోనాడు నీళ్ళు పోసుకుని ఇంట్లోకి వస్తోందట. ఈ చివరి మాట దగ్గర శంకరవ్వ గొంతు ఇంకాస్త పెరిగింది. రోజూ పొద్దున్నే అశోక చెట్టు పట్టకు పాలూ నీళ్ళూ కలిపి, నీళ్ళు ఇగిరి పాలు మిగిలేదాకా కాచి ఇచ్చింది తనే మరి. ఆ గొప్ప ఆమెకు ఉండాల్సిందే.

మమతారాణికి మాత్రం ఆ గొప్ప వినబుద్ధి కావడం లేదు. ఎందుకంటే ఆమెకు తగ్గలేదు. నిన్న ఐదోనాడు తలస్నానం చేసింది. ఇప్పుడు బస్సులో కూర్చున్నా పోతూనే ఉంది.

వాళ్ళది నేతపని ఇల్లు. భర్త భూమన్న మరమగ్గం నడుపుతాడు, మమతారాణి నూలు కండెలు చుడుతుంది. ముట్టయితే ఆడది నూలు తాకకూడదు, పొయ్యి తాకకూడదు. ముందరి అర్రలో వేరే చాప మీద ఐదు రోజులుండి, తలస్నానం చేసి లోపలికి రావాలి. ఐదు రోజులకు ఆగేవాళ్ళకు ఆ పద్ధతి బాగానే ఉంటుంది. మమతారాణి పదిహేను రోజులు అర్రలో పడి ఉంటే అరవై ఎనిమిదేళ్ళ శంకరవ్వ వంట చేసి, అంట్లు తోమి, కండెలు చుట్టి నడుము పట్టుకుని మూలిగేది. భూమన్న సంగతి సరేసరి. చాయ్ పెట్టుకోవడం రాదు గానీ, చాయ్ ఆలస్యమైతే అలగడం బాగా వచ్చు.

మందు మొదలుపెట్టిన నెలలోనే ఆడబిడ్డ కూతురి పెళ్ళి వచ్చింది. మేనమామ భార్యే మూలన కూర్చుంటే పెళ్ళెలా జరుగుతుందని మమతారాణి ఐదోనాడు తలస్నానం చేసి లోపలికి వచ్చేసింది. ఇల్లలకగానే పండుగ కాదు. కానీ శంకరవ్వ లెక్కలో తలస్నానం అయిందంటే ముట్టు అయిపోయినట్టే. అత్త ఆ రోజు పడ్డ సంబరం చూశాక నిజం చెప్పడానికి మమతారాణికి నోరు రాలేదు. పై నెలా అంతే. మధ్యలో ఎల్లమ్మకు బోనం ఎత్తాల్సి వస్తే అప్పుడూ ఎత్తింది. ఎత్తినంతసేపూ తప్పు కాయమని ఎల్లమ్మకు లోలోపలే మొక్కుకుంది.

ఆపరేషన్ వద్దని పట్టుబట్టింది కూడా తనే. వాళ్ళ వాడలో నడుము నొప్పన్నా గర్భసంచి తీశారు, తెల్లబట్టన్నా తీశారు. మమతారాణి అక్కకు ముప్పై మూడేళ్ళకే తీస్తే, అప్పటినుంచీ ఒళ్ళంతా సెగలు, కీళ్ళ నొప్పులు. అందుకే వెతుక్కుంటూ కరీంనగర్‌లోని ఈ ఆయుర్వేదం డాక్టర్ లిడియా దగ్గరికి వచ్చింది. ఆమె కషాయంతోపాటు లొద్దుగ చెక్క పొడి బియ్యం కడిగిన నీళ్ళతో తీసుకోమంది, తొక్కులూ కారమూ తగ్గించమంది, పోయే రోజుల్లో బరువు పని వద్దంది. మూడు నెలలు చూసి తగ్గకపోతే తనే పెద్దాసుపత్రికి పంపుతానని ముందే చెప్పింది. ఆ మూడు నెలలూ ఇవాళ్టితో అయిపోయాయి.

క్లినిక్‌లో లిడియా నవ్వుతూనే పలకరించి, ఎన్ని రోజులు పోతోందని అడిగింది. మమతారాణి నోరు తెరిచేలోపే శంకరవ్వ ఐదు అనేసింది. ఎప్పుడూ అంతే. అడిగేది కోడల్ని, చెప్పేది అత్త. లిడియా మమతారాణి కింది రెప్ప లాగి చూసింది. నవ్వు పోయింది. గోళ్ళు చూసింది, మళ్ళీ రెప్ప చూసింది. ఐదు రోజులకే ఆగుతుంటే మనిషి ఇంత తెల్లగా పాలిపోయి ఎందుకున్నదని అడిగింది. శంకరవ్వ దానికీ జవాబు చెప్పింది. కోడలు సరిగ్గా తినదట.

అప్పుడు రమ తన కాగితాలు ముందుకు తోసింది. ఆమెకు యాభై ఆరేళ్ళు. ముట్లాగిపోయి నాలుగేళ్ళయ్యాక మళ్ళీ కనబడుతోంది. పెద్దాసుపత్రిలో లోపలి ముక్క తీసి పరీక్ష చేయాలని తారీఖు ఇచ్చారు. శంకరవ్వ మాటలు విని ఆ తారీఖు వదిలేసి ఇక్కడికి వచ్చింది. లిడియా కాగితాలు చదివి తల అడ్డంగా ఊపింది. ఆగిపోయాక మళ్ళీ పోవడం వేరని, పరీక్ష కాకుండా తను ఏ మందూ ఇవ్వనని, ఇవాళే ఆసుపత్రికి పొమ్మని చెప్పింది.

రమ వినలేదు. మమతారాణి వైపు చెయ్యి చూపించింది.

"గామెకు తగ్గలేదా మేడం? గదే మందు నాకూ రాయుండ్రి. కోతలు గీతలు నాకొద్దు."

మమతారాణి రమ కాగితాలకేసి చూసింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. చెబితే అత్త ముందు, దేవత ముందు, వాడ ముందు తప్పుదానిగా నిలబడాలి. చెప్పకపోతే రమక్క ఇక్కడ ఇవ్వకున్నా ఇదే మందు ఇంకెక్కడైనా కొనుక్కుని ఇంటికి పోతుంది, లోపల ఏముందో అది ఉన్నచోటే పెరుగుతుంది. తన ఒంటిని తను మోసం చేసుకుంది, అది వేరు. ఇది వేరు.

"నాకు తగ్గలే, రమక్కా," అంది.

శంకరవ్వ కోడలి వైపు పూర్తిగా తిరిగింది.

"తగ్గకపోవుడేంది? నిన్న నీళ్ళు పోసుకున్నవ్ గద."

"నీళ్ళు పోసుకుంటే ఆగుతదా అత్తమ్మా? పదిహేను దినాలు పోతనే ఉన్నది. పెండ్లిల గంతే, బోనం ఎత్తిన నాడు గంతే. ఇప్పుడు గూడ పోతున్నది."

శంకరవ్వ ముఖం మాడిపోయింది. అంటు తగులుతుందని పక్కకు జరగబోయి, జరగకుండా ఆగింది. రమ కాగితాలన్నీ లాక్కుని, నువ్వింకో నెల ఇట్లనే ఊకుంటే నా పని ఖతమే గద అని మమతారాణిని నిలదీసింది. కోపంతో కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అలా అడిగే హక్కు ఆమెకుంది. మమతారాణి తల వంచుకుంది. సిగ్గు ఉంది, కానీ మూడు నెలల తర్వాత మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

లిడియా కేకలెయ్యలేదు. "మీరు చెప్పిన లెక్కకు మందిచ్చిన అక్కా. అది పనిచేసిందో లేదో ఇప్పుడు నాక్కూడ తెల్వదు," అని మాత్రం మమతారాణితో అంది. గర్భసంచి ఉంచాలా తీయాలా అన్నది తర్వాత తేల్చుకుందాం, ముందు ఒంట్లో రక్తం నింపాలని చీటీ రాసి, ముగ్గురినీ ఆటో ఎక్కించింది.

పెద్దాసుపత్రిలో రమను పరీక్షలకు తీసుకుపోయారు. మమతారాణికి రక్తం పరీక్ష చేసిన నర్సు, ఇంత తక్కువతో బస్సెక్కి ఎలా వచ్చావమ్మా అని మంచం మీద పడుకోబెట్టింది. శంకరవ్వ మంచానికి అవతల గోడ పక్కన నిలబడింది. ఆటోలోనూ ముఖం అటు తిప్పుకునే కూర్చుంది. తిట్టినా బాగుండేదని మమతారాణికి అనిపించింది. బోనం ఎత్తిన నాటి గురించి అడుగుతుందేమో, ఇంటికి పోయాక గడప తొక్కనివ్వదేమో. ఆలోచనలు ఒకచోట నిలవలేదు. పైకప్పుకేసి చూసింది, తలుపుకేసి చూసింది, అత్తకేసి మాత్రం చూడలేకపోయింది.

నర్సు మళ్ళీ వచ్చింది. రెండు సీసాల రక్తం ఎక్కించాలి, ఇంటివాళ్ళెవరైనా రక్తమిస్తే దానికి బదులు ఒక సీసా ఇక్కడినుంచి ఇస్తాం, ఎవరున్నారని అడిగింది. భూమన్న సిరిసిల్ల నుంచి రావాలంటే పొద్దుగూకుతుంది.

శంకరవ్వ గోడ వదిలి మంచం దగ్గరికి వచ్చింది. కోడలి పక్కనే, దుప్పటి మీదనే కూర్చుని, రవిక చెయ్యి పైకి మడిచి నర్సు ముందుకు చాచింది.

అరవై ఐదు దాటినవాళ్ళ రక్తం తీసుకోం, వయసెంతమ్మా అని అడిగింది నర్సు.

"యాభై రెండు," అంది శంకరవ్వ.

ఆమె కొడుక్కే నలభై ఆరు. నర్సు నెరిసిన జుట్టు వైపు, ముడతలు పడిన చేతి వైపు చూసి, నిజమేనా అన్నట్టు మమతారాణిని చూసింది. మమతారాణికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

"అరవై ఎనిమిది సిస్టర్. ఆమె మాట రాసుకోకుండ్రి," అంది.

శంకరవ్వ కోడలిని గుర్రుగా చూసింది. చాచిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.