అందరూ సేనాపతులే

కరువులో కూడా పన్ను వదలని జిల్లా అధికారిని మా ఊరివాళ్లు తరిమేశారు. ముందు నడిచినవాడు పందిమాంసం అమ్మే గెంగ్ లూ. మర్నాడే అతను అధికారి కుర్చీలో కూర్చుని, తానే కొత్త చక్రవర్తినని చాటించి, చక్రవర్తులు మాత్రమే తొడిగే పసుపుపచ్చ అంగీ కుట్టించుకున్నాడు. కత్తి పట్టిన ప్రతివాడూ పదవి అడిగాడు. ఎవరినీ కాదనలేక అందరినీ సేనాపతుల్ని చేశాడు.

"ధాన్యం కొట్టు తాళాలు నీ దగ్గరే ఉన్నాయిగా. ముందు జనానికి గింజలు పంచవయ్యా," అంది భార్య చ్యావ్.

"చక్రవర్తితో మాట్లాడే తీరేనా అది?"

"నిన్నటిదాకా పంది పేగులు కడిగినోడివి, నీతో ఇంకెలా మాట్లాడాలి?"

ఆ ధాన్యం పట్టాభిషేకం విందుకి కావాలని గెంగ్ కొట్టు తెరవలేదు.

చలికాలం రాకముందే రాజధాని నుంచి సైన్యం దిగింది. "కోట తలుపు దగ్గర కాపలాకి పొండి!" అని గెంగ్ అరిచాడు.

"సేనాపతులం మేం కాపలా కాయడమేంటి ప్రభూ? సిపాయిల్ని పంపండి," అన్నారు వాళ్లు.

ఊళ్లో సిపాయి అన్నవాడే లేడు. ఆకలితో ఉన్న జనమే తలుపు తీశారు. మధ్యాహ్నానికల్లా గెంగ్ తల కోటగోడకు వేలాడింది. ఇంతమంది సేనాపతుల్ని ఒక్కపూటలో ఓడించినందుకు, వచ్చిన దళపతికి రాజధానిలో పెద్ద పదవి దక్కింది. మాకు మాత్రం పాత అధికారే దక్కాడు, పాత పన్నుతో సహా.