కుడివైపు లైటు

నగరి ఊళ్ళో సుల్తాన్ నోటికి భయపడని బండి ఓనరు లేడు. కార్ల కరెంటు పనిలో అతనికి మంచి పేరుంది. కానీ పని చేస్తున్నంతసేపూ తిడతాడు. ఇంజిన్ మీద పైపుతో నీళ్ళు కొట్టించినవాణ్ణి, కొత్త హారన్ కోసం కనబడిన వైరునల్లా కోసినవాణ్ణి ఎవరినీ వదలడు. బండి పాడైందంటే దాని వెనక ఒక మనిషి ఉండే ఉంటాడని అతని నమ్మకం. ఆ మనిషిని పట్టుకుని మొహం మీదే నాలుగు చీవాట్లు పెడితేగానీ అతనికి పని పూర్తయినట్టుండదు. "నీ నోటికి తాళం ఏస్తే మన అంగిడి ఇంకా బాగా జరుగుతాది" అని భార్య వహీదున్నీసా ఎన్నిసార్లు మొత్తుకున్నా లాభం లేకపోయింది.

కుప్పమ్మ కారుతో వచ్చిన మధ్యాహ్నం మాత్రం అతను ఒక్క తిట్టూ తిట్టలేదు. ఆ కారు గిరిది. కుప్పమ్మ పెద్దకొడుకు గిరి మగ్గాల మీద అప్పు చేసి కొన్న బాడుగ కారు. చేతికందివచ్చిన కొడుకు. మొన్న వేసవిలో తిరుపతి నుంచి తిరిగొస్తుంటే, వడమాలపేట దాటాక సందెచీకట్లో ఎదురుగా లారీ వచ్చింది. "కారు ఒంటి లైటు సూసి మోటారు సైకిలు అనుకున్నా" అన్నాడు లారీ డ్రైవరు. గిరి తప్పించబోయి ఎడమపక్క కల్వర్టు గోడకు కొట్టుకున్నాడు. కారు బాగుపడింది. గిరి లేడు.

చిన్నకొడుకు మురుగేష్ కారు నిలిపి దిగాడు. వెనక సీటులోంచి కుప్పమ్మ గుడ్డసంచి పట్టుకుని దిగింది.

"అన్నా, ఎడంపక్క అంతా టింకరింగ్ చేసిచ్చినారు. కుడిపక్క దెబ్బే తగల్లేదు, అయినా లైటు వెలగడం లే. రేపట్నించి నేనే తోలతా" అన్నాడు మురుగేష్.

సుల్తాన్ బానెట్ ఎత్తాడు. కుడివైపు బల్బు తీసి ఎడమవైపు పెట్టి చూశాడు, శుభ్రంగా వెలిగింది. ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. టెస్ట్ లైటు పెట్టి చూస్తే హోల్డరు దాకా కరెంటు వస్తూనే ఉంది.

కుప్పమ్మ అతని పక్కనే నిలబడింది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"సుల్తానూ, నాకొక్క మాట చెప్పు నాయనా. మా గిరి సూసుకోకుండానే తోలినాడా? కారు డ్రైవరుదే తప్పని పోలీసోళ్ళు రాసేసినారు. ఈదిలో ఆడోళ్ళు గూడా ఆ మాటే అంటాండారు. లైటు బాగు చేసుకోలేనోడు బాడుగలకు ఎందుకు పోవాలని. నా బిడ్డ అట్లాంటోడు కాదు. పొద్దున లేస్తే కారును పసిబిడ్డ మాదిరి తుడిసేటోడు."

ఆమె లైటు కోసం రాలేదని సుల్తాన్‌కు అర్థమైంది. చనిపోయిన కొడుకు మీద పడిన మాట తుడిచేయించుకోవడానికి వచ్చింది.

"సూస్తానమ్మా, సూసి చెప్తా" అన్నాడు.

కరెంటు వస్తోంది, లైటు వెలగడం లేదు. అంటే వచ్చిన కరెంటు తిరిగి పోయే దారి మూసుకుపోయింది. ఆ దారి ఎర్తు వైరు. సుల్తాన్ బ్యాటరీ పక్కకు జరిపి లోపలికి వంగాడు. బాడీకి ఎర్తు వైరును బిగించిన బోల్టు కనబడలేదు. దాని మీద తెల్లటి పెళ్ళ కట్టి ఉంది. వైరు కొస పచ్చబడి, పొడిపొడిగా రాలిపోతోంది. ఒక్కరోజులో పట్టే చిలుము కాదది, నెలల తరబడి తిన్నది. ఇలాంటిది ఇంటి దగ్గర వెలుగుతుంది, రోడ్డు మీద రెండు గుంతలు పడితే ఆరిపోతుంది. గిరి బయలుదేరేముందు లైటు చూసుకునే ఉంటాడు.

ఏ బుద్ధిలేనివాడు పోశాడురా ఇక్కడ ఉప్పునీళ్ళు అని తిట్టడానికి నోరు తెరిచాడు. పెళ్ళను స్క్రూడ్రైవరుతో గీకితే లోపల పసుపు. ఆ పసుపు చుట్టూ ఎర్రగా మరకలు. ఒక పక్క ఎండిపోయిన తమలపాకు ముక్క అతుక్కుని ఉంది.

సుల్తాన్ తల ఎత్తాడు. కుప్పమ్మ అతని మొహంలోకే చూస్తోంది.

"ఎలకమ్మా" అన్నాడు. "ఎలక కొరికేసింది వైరు. ఇంటికాడ వెలిగి రోడ్డు మీద ఆరిపోతాది ఇట్లాంటిది. బ్రహ్మదేవుడొచ్చినా కనిపెట్టలేడు. గిరి తప్పు రవ్వంత గూడా లేదు."

కుప్పమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. "ఇన్నావారా మురుగేషూ? ఎలక కొరికిందంట. మీ అన్న తప్పు కాదంట" అంది. అప్పుడు కుర్చీలో కూర్చుంది.

సుల్తాన్ బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త వైరు బిగించాడు. లైటు వెలిగింది. జీవితంలో ఒక్క తిట్టూ లేకుండా చేసిన పని అదొక్కటే. మురుగేష్‌ను తర్వాత ఒంటరిగా పిలిచి అసలు సంగతి చెబుదామనుకున్నాడు.

కానీ కుప్పమ్మ అప్పటికే సంచి విప్పింది. ఇత్తడి పళ్ళెం తీసి, కూజాలో నీళ్ళు పోసుకుని, పసుపూ సున్నమూ కలిపింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. గుప్పెడు ఉప్పు వేసి, తమలపాకు మీద కర్పూరం వెలిగించింది.

"బానెట్ మూయద్దు నాయనా. దిష్టి తీసేస్తా. ప్రతి శుక్రారం గిరికి తీసేదాన్ని. అందరూ టైరుకాడ పోస్తారు గానీ, బండికి ప్రాణం లోపల కదా ఉండేది. ఆ మూలన, బ్యాటరీ పక్కన పోస్తే ఏ కన్నూ తగలదు."

పళ్ళెం మూడుసార్లు తిప్పింది. కొత్త వైరు మీదికి వంచబోయింది.

సుల్తాన్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నీళ్ళు ఇద్దరి కాళ్ళ మీదా చిందాయి. పరాయి ఆడమనిషి చెయ్యి పట్టుకోవడం అతనికి తెలియని పని. వెంటనే వదిలేశాడు.

"వద్దమ్మా."

"ఏం?"

"ఈడ వద్దు. టైరుకాడ పొయ్యి."

"అదే ఎందుకంటా? ఎలక కొరికితే నా నీళ్ళు ఏం చేసినాయి?"

ఎలక మాటే మళ్ళీ చెప్పబోయి ఆగాడు సుల్తాన్. రేపట్నుంచి మురుగేష్ తోలాలి. శుక్రవారం మళ్ళీ వస్తుంది.

కుప్పమ్మ మందబుద్ధి మనిషి కాదు. జన్మంతా మగ్గం మీద వేల పోగుల్లో తెగిన పోగును వేలితో తడిమి పట్టుకున్న మనిషి. సుల్తాన్ తీసి కింద పడేసిన పాత వైరును వంగి తీసుకుంది. పెళ్ళను గోటితో గీకింది. గోట్లో పసుపు నిలిచింది. దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఎలక కాదు గదా నాయనా" అంది.

సుల్తాన్ తల వంచుకున్నాడు. "నీకు తెలీదు గదమ్మా. ఉప్పూ సున్నమూ ఇనుమును తినేస్తాయని నీకెట్లా తెలుస్తాది" అన్నాడు. ఆ మాట ఆమె చెవికెక్కినట్టు లేదు.

మురుగేష్ పరిగెత్తుకొచ్చి "అమ్మా" అని భుజం పట్టుకున్నాడు.

"మీ అన్న తుడస్తానన్నాడురా" అంది కుప్పమ్మ. ఏడవడం లేదు, మామూలుగానే చెబుతోంది. "ప్రతి శుక్రారం గుడ్డ తీసుకోనొచ్చేటోడు. అమ్మా, ఈడ తడి ఉండకూడదు, తుడిసేస్తానని. తుడిస్తే దిష్టి మళ్ళా తగులుతాదిరా, ముట్టుకోవద్దని నేనే తిట్టినా. నా మాట ఏనాడూ కాదనలేదురా వాడు."

పళ్ళెం కింద పెట్టింది. బెంచీ మీదున్న సుల్తాన్ గుడ్డ తీసుకుని, బానెట్ లోపలికి వంగి, ఆ మూల తుడవడం మొదలుపెట్టింది. అక్కడ తడి లేదు. సుల్తాన్ ఇందాకే శుభ్రం చేశాడు. మురుగేష్ చెయ్యి పట్టుకుని లాగినా ఆమె ఆగలేదు.