తీర్మానం ఇంగ్లీషులోనే ఉండాలి

తార్నాకలో ఆ అపార్ట్‌మెంటు పేరు గ్రీన్ మెడోస్. గ్రీన్ అన్నది గేటుకు వేసిన రంగు. మెడోస్ అంటే ఏమిటో ఎవరూ ఎవరినీ అడగలేదు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది. అందులో ఉన్నవాళ్లందరూ తెలుగువాళ్లే. అయినా నెలకోసారి సెల్లార్‌లో జరిగే అసోసియేషన్ మీటింగు మాత్రం ఇంగ్లీషులోనే జరుగుతుంది. తెలుగులో మాట్లాడితే అది కబుర్లవుతుంది గాని మీటింగు కాదు.

విశాలాక్షి భర్త సుందరరావు ఆ అసోసియేషన్‌కి సెక్రటరీ. బ్యాంకులోంచి ఆయన రిటైరయ్యాడు గాని ఆయనలోంచి బ్యాంకు ఇంకా రిటైర్ కాలేదు. మీటింగులో ఆయన పక్కన కూర్చుని తలూపడం విశాలాక్షి పని. ఒకసారి ఆవిడ, నీళ్ల ట్యాంకు కడిగించాలండీ అని తెలుగులో చెప్పింది. ప్రెసిడెంటు భానుప్రకాశ్ "నోటెడ్ మేడమ్" అని తర్వాతి విషయానికి వెళ్లిపోయాడు. కాసేపాగి సుందరరావు అదే మాట ఇంగ్లీషులో అన్నాడు. చప్పట్లు కొట్టారు.

విశాలాక్షికి ఒళ్లు మండిపోయింది. మర్నాటి నుంచి వాకింగ్ అని చెప్పి యూనివర్సిటీ క్యాంపస్‌కి వెళ్లడం, ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఫోన్లో వీడియోలు చూడడం మొదలుపెట్టింది. ఓనమాలు దాటినవాళ్లకు ఇంగ్లీషు నేర్పే చిన్న వీడియోలు అవి. పెంగ్విన్లు చలినెలా తట్టుకుంటాయి, అగ్నిపర్వతం ఎందుకు పేలుతుంది, చాక్లెట్ ఫ్యాక్టరీ ఎలా నడుస్తుంది, పాతకాలం కోటలకు కందకాలెందుకు అని ఒక్కోటి ఒక్కో సంగతి. చివర్లో ప్రశ్నలుంటాయి. జవాబు పైకి చెప్పాలి. విశాలాక్షి గట్టిగా చెప్పేది. తోటి వాకర్లు దారి మార్చుకుని నడిచేవారు.

అడిక్‌మెట్‌లో రూము తీసుకుని ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న శైలజ ఒక్కతే దారి మార్చుకోకుండా వచ్చి ఆ బెంచీకి రెండో చివర కూర్చునేది.

"ఆంటీ, అగ్నిపర్వతం గురించి గింత మంచిగ మాట్లాడ్తున్నరు. మరి కూరగాయలు కొనుడు ఇంగ్లీషుల వస్తదా?"

"రాదమ్మా. కూరగాయలవాడు మాత్రం ఇంగ్లీషులో అమ్ముతున్నాడా ఏంటి?"

"మరి మీ మీటింగుల అగ్నిపర్వతం ముచ్చట ఏడికెల్లి వస్తది?"

"రాకపోతే నేనే తెస్తాను."

ఆ నెల మీటింగులో భానుప్రకాశ్ లేచి కాగితం చదివాడు. హైజీన్ అన్నాడు, వేర్ అండ్ టేర్ అన్నాడు, కాబట్టి డొమెస్టిక్ స్టాఫ్ లిఫ్టు వాడకాన్ని రేషనలైజ్ చేయాలన్నాడు. అందరూ తలూపారు. విశాలాక్షి తల సగంలో ఆగిపోయింది. రేషనలైజ్ అన్న మాట ఆవిడ చాక్లెట్ ఫ్యాక్టరీ వీడియోలో విన్నది. అక్కడ కూలీలను రేషనలైజ్ చేసి ఇంటికి పంపేశారు.

డొమెస్టిక్ స్టాఫ్ అంటే పోచమ్మ. ఆ అపార్ట్‌మెంటులో సగం ఇళ్ల గిన్నెలు ఆమే తోముతుంది. మోకాళ్ల నొప్పులు. ఇక భానుప్రకాశ్ ఉండే ఐదో అంతస్తు దాకా మెట్లెక్కాలన్నమాట. ఆ సమయానికి పోచమ్మ ట్రే పట్టుకుని అందరికీ చాయ్ ఇస్తోంది. తీర్మానం మధ్యలో భానుప్రకాశ్ ఆమె చేతి కప్పు అందుకుని "థాంక్యూ" అని, మిగతాది చదివాడు.

విశాలాక్షి లేచి నిలబడింది. "ఐ హావ్ ఎ క్వశ్చన్."

మినిట్స్ రాస్తున్న సుందరరావు పెన్ను కింద పెట్టాడు. "విశాలా, కూర్చో. ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం."

"ఇంట్లో లిఫ్టు లేదండీ" అని, ప్రెసిడెంటు వైపు తిరిగి ఇంగ్లీషందుకుంది. పెంగ్విన్లు గుంపు అంచున వణికేదాన్ని మధ్యలోకి రానిస్తాయి, నీది ఏ ఫ్లాటని అడగవు, అంది. కోట చుట్టూ కందకం తవ్వేది శత్రువుల కోసం, పోచమ్మ శత్రువైతే మీ అందరి ఇంటి తాళాలు ఆమె దగ్గరెందుకున్నాయి, అని అడిగింది. క్రియలు కొన్ని తప్పిపోయాయి. తాళాలు మాత్రం తగలాల్సిన చోటే తగిలాయి.

భానుప్రకాశ్ దగ్గర ఇంగ్లీషు చాలానే ఉంది గాని, అందులో ఎదుటివాడికి జవాబు చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. "నోటెడ్ మేడమ్" అన్నాడు.

"నాట్ నోటెడ్. ఆన్సర్."

"యాజ్ పర్ బైలాస్..." అన్నాడు. బైలాస్ ఎవరూ చదవలేదని గుర్తొచ్చి ఆగాడు. చివరికి తెలుగులోకి దిగాడు. "అది కాదు విశాలాక్షి గారూ, ఇప్పుడు ఈ పనివాళ్లు మనతో పాటు..." అని తలెత్తేసరికి ఎదురుగా పోచమ్మ.

"ఏంది సారూ, నా ముచ్చటేనా?"

"ఏం లేదమ్మా. చాయ్ బాగుంది."

"చాయ్ సంగతి కాదు పోచమ్మా" అంది విశాలాక్షి. "నువ్వు లిఫ్టెక్కకూడదట. ఎందుకో సారు చెప్తారు. చెప్పండి ప్రెసిడెంటు గారూ, ఆవిడకి అర్థమయ్యేట్టు తెలుగులో చెప్పండి."

సెల్లార్ అంతా ఫోన్లలోకి తలలు దించుకుంది. ఇంగ్లీషులో అది హైజీన్. తెలుగులో అది పోచమ్మ మొహం మీద అనాల్సిన మాట.

పోచమ్మ ట్రే బల్ల మీద పెట్టింది. "ఎక్కొద్దంటే ఎక్క తియ్యి సారూ. మీ ఐదో అంతస్తు గిన్నెలు మీరే కిందికి తెచ్చియ్యుండ్రి. గీడనే కూసొని తోముత. కుక్కర్ మస్తు బరువుంటది, జెర పైలం."

ఎవరో నవ్వబోయి దగ్గారు.

"పోస్ట్‌పోన్డ్ అని రాయండి" అన్నాడు భానుప్రకాశ్ సుందరరావుతో, గొంతు తగ్గించి.

"పోస్ట్‌పోన్ కాదు. రద్దయిందని రాయండి" అంది విశాలాక్షి.

సుందరరావు ప్రెసిడెంటును చూశాడు, భార్యను చూశాడు. "తీర్మానం ఇంగ్లీషులోనే ఉండాలి విశాలా" అన్నాడు ఆశగా.

"ఉండనీండి. నేను చెప్తాను, మీరు రాయండి."

ఆవిడ చెప్పింది. ఆయన రాశాడు. "ఇప్పుడు అందరూ సంతకాలు పెట్టండి. పెట్టేదాకా నేను కూర్చోను."

కుక్కర్ బరువు తలుచుకున్నాడో ఏమో, మొదటి సంతకం భానుప్రకాశే పెట్టాడు. పుస్తకం చేతులు మారింది. పోచమ్మ ఖాళీ కప్పులు ఏరుకుని లిఫ్టులోకి వెళ్లి మీట నొక్కింది. రెండో అంతస్తు ఆయన పెన్ను రాయడం లేదన్నాడు. విశాలాక్షి ఇంకో పెన్ను ఆయన ముందు పెట్టి, అలాగే నిలబడి ఉంది.