జేబులో తాళం

మొగుడి ప్యాంటు వాషింగ్ మెషిన్‌లో వేసేముందు జేబులు తడమడం ఆమెకు పన్నెండేళ్ల అలవాటు. ఈరోజు చేతికి డాంగిల్ తగిలింది. వేలెడంత ప్లాస్టిక్ ముక్క. దాన్ని కంప్యూటర్‌కి గుచ్చితేనే ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. లిఫ్టు తలుపుల్ని నడిపే బోర్డులు అమ్మేది అతను. వాటి లోపలి ప్రోగ్రాం రాసేది ఆమె. తాళం మాత్రం అతని జేబులో ఉంటుంది.

పక్కగదిలో బోర్డు మీద రిలే, తలుపు మోటారును నడిపే స్విచ్చి, టక్కు టక్కుమంటోంది. తలుపును వెయ్యిసార్లు తెరిచి మూసే పరీక్ష అది, తొమ్మిది వందలు దాటింది. సాయంత్రానికి ఆ బోర్డు కస్టమర్‌కి చేరాలి.

డాంగిల్ కావాలంటే అడగాలి. అడిగితే, ముందు వంట సంగతి చూడమంటాడు. బయటికెళ్తే వెంట పట్టుకుపోతాడు. ఆ బోర్డుల్లోని పాత చిప్పులకి ఇలాంటిది మళ్లీ దొరకదనీ, నీ చేతిలో ఏ వస్తువూ నిలవదనీ అంటాడు. అత్తగారైతే వచ్చినవాళ్లందరితో, కోడలు మావాడికి కాస్త చేతిసాయం చేస్తుందని చెప్పుకుంటుంది. ఆ చేతిసాయం లేకపోతే ఒక్క తలుపూ కదలదని ఆవిడకెవరు చెప్పాలి? అందుకే మూడు నెలల కిందట, ఆ పాత చిప్పులకే పనికొచ్చే చవక సాఫ్ట్‌వేర్ ఒకటి వెతికి, పిల్లలకు లెక్కలు చెప్పిన డబ్బుతో కొనుక్కుని తన లాప్‌టాప్‌లో పెట్టుకుంది. అది ఊరికే లొంగలేదు. అదే ప్రోగ్రాం ఇందులో వేగంగా పరుగెత్తింది. మూడు సెకన్లు ఆగాల్సిన తలుపు సెకనులోనే మూసుకుంది. మధ్యలో ఎవరి చెయ్యో ఉంటే? ఆగే సమయాలన్నీ చిప్పులోని టైమరుకు అప్పగించి మళ్లీ రాసింది. పక్కగదిలో పరీక్షకు పెట్టింది దాన్నే. ఇప్పుడూ తేడా వచ్చిందంటే మళ్లీ ఆ జేబు ముందు చెయ్యి చాచాల్సిందే.

రిలే ఆగిపోయింది. డాంగిల్ చేతిలో ఉండగానే పక్కగదిలోకి పరుగెత్తింది. తెరమీద వెయ్యి అని ఉంది, కింద తప్పులు సున్నా. కుర్చీలో కూలబడి కాసేపు ఏడ్చింది.

తిరిగొచ్చేసరికి మెషిన్ మూత తెరిచే ఉంది. ప్యాంటుతోపాటు డాంగిల్నీ లోపల పడేస్తే చాలు, పీడ విరగడవుతుంది. పొరపాటంటే ఇట్టే నమ్ముతారు. ఆమె పొరపాట్లను నమ్మడంలో ఆ ఇంట్లో అందరూ ఆరితేరినవాళ్లే. కానీ తాను పొరపాటున ఆ జేబు నుంచి బయటపడ్డట్టు వాళ్లు అనుకోవడం ఆమెకు బొత్తిగా ఇష్టం లేకపోయింది.

హాల్లో అతను కాఫీ తాగుతున్నాడు. పక్కనే అత్తగారు కూరలు తరుగుతోంది. ఆమె డాంగిల్‌ని అతని ముందు పెట్టింది.

"మీ జేబులో ఉండిపోయింది. ఇక దీంతో నాకు పని లేదండీ. సాయంత్రం పంపాల్సిన బోర్డు నా సాఫ్ట్‌వేర్‌లోనే చేశాను. పరీక్ష కూడా అయిపోయింది."

అత్తగారి కత్తి ఆగింది. అతను డాంగిల్ వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాడు. అదేం సాఫ్ట్‌వేరో, తలుపు సరిగ్గా మూసుకుంటోందో లేదో అడగలేదు.

"ఎవర్నడిగి కొన్నావ్?"

"ఎవర్నీ అడక్కుండా పని చేసుకోవడానికే కొన్నానండీ" అంది.