చెప్పకుండా వెళ్ళే నాయికలు

ఆదివారం పొద్దున టిఫిన్ల వేళకి షఫీ ఒక గుడ్డసంచి తెచ్చి మంచం మీద పెట్టాడు.

"అమ్మా, రత్నమ్మ పెద్దమ్మ ఇచ్చింది. నీ దగ్గరే ఉంచుకోమంది."

నాగూర్‌బీ సంచి విప్పింది. లోపల బైండు పుస్తకాలు. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్ళని వారం వారం చింపి, పోగేసి, దారంతో కుట్టించి, అట్ట వేయించినవి. ఆ అట్టలు తిన్న పురుగులు కూడా చచ్చి ఏళ్ళయి ఉంటుంది. అవి తన ఒక్కదానివి కావు. తనవీ, నాలుగిళ్ళ అవతల ఉండే వెంకటరత్నమ్మవీ. ఇందులో ఎవరివి ఏవో ఇద్దరూ ఎన్నడూ తేల్చుకోలేదు. ఇప్పుడు అన్నీ కట్టగట్టి పంపిందంటే ఏదో జరిగింది.

"ఎందుకు పంపిందిరా? ఒంట్లో బాగానే ఉందా?"

"నీకు చెప్పలేదా?" షఫీ ఆశ్చర్యపోయాడు. "రేపల్లె వెళ్ళిపోతోందిగా, జ్యోతక్క దగ్గరికి. ఇల్లు ఖాళీ చేసేస్తున్నారు. మధ్యాహ్నం కారు వస్తుందంట."

"ఏ మధ్యాహ్నం?"

"ఈ మధ్యాహ్నమే."

నాగూర్‌బీకి ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి మంచం మీది సంచిని విసురుగా అవతలికి తోసింది.

"రేపల్లె ఎంత దూరమమ్మా? తెనాల్లో రైలెక్కితే గంటన్నర" అన్నాడు షఫీ, తల్లి మొహం చూసి.

"దూరం సంగతి ఎవడడిగాడు? నాకెందుకు చెప్పలేదు అని అడుగుతున్నా. నిన్న సాయంత్రం గూడా వచ్చి కూర్చుంది. టీ తాగింది. పక్కింటి పిల్లి ఈనిందని చెప్పింది. పిల్లి సంగతి చెప్పింది గానీ తన సంగతి చెప్పలేదు!"

వంటింట్లోంచి మనవరాలు గౌసియా తొంగి చూసింది. బాపట్ల వ్యవసాయ కాలేజీలో చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. రెండు ఆదివారాలకోసారి ఇంటికొస్తుంది. వచ్చినప్పుడల్లా దాదీ కోసం ఒక పుస్తకం తెస్తుంది.

"చూశావా గౌసియా! జీవితమంతా ఎవరిని తిట్టానో వాళ్ళలాగే చేసింది. ఆ ఊటీ దానిలాగే!"

ఊటీది అంటే సంచిలో అన్నిటికన్నా పైనున్న ప్రేమ నవలలో నాయిక. ఆమె కథానాయకుణ్ణి ఒక హోటల్లో వేరే అమ్మాయితో చూస్తుంది. ఆ అమ్మాయి అతని చెల్లెలు. ఆ సంగతి చదివేవాళ్ళందరికీ తెలుసు, నాయికకు తప్ప. ఒక్క మాట అడిగితే సరిపోయేదానికి పెట్టె సర్దుకుని ఊటీ వెళ్ళి, అక్కడ బళ్ళో పిల్లలకు పాఠాలు చెబుతూ పదిహేను వారాలు మంచులో నడుస్తుంది.

"నోరు లేదా దానికి? హోటలుకి వెళ్ళే కాళ్ళున్నాయి, టిక్కెట్టు కొనే డబ్బుంది, అడగడానికి నోరొకటి లేదు. రాసేవాళ్ళకేం! అది అడిగేస్తే సీరియల్ రెండో వారంలోనే అయిపోతుంది."

"మరి నీకిష్టమైన నవలేగా దాదీ?"

"ఇష్టమే. అందుకే తిడతాను. ఇష్టం లేనిదాన్ని ఎవరు తిడతారు?"

నాగూర్‌బీ బడి మొహం చూడలేదు. ఆమె భర్త హనీఫ్‌ది బజారులో టైలరింగ్ షాపు. కొలతలకి నమూనాలు కత్తిరించడానికి పాత వారపత్రికలు కిలోల లెక్కన కొనేవాడు. ఖాజాలు కుడుతూ కూర్చున్న నాగూర్‌బీ, దారపు రీళ్ళ డబ్బాల మీది అక్షరాలతో మొదలుపెట్టి, తనంతట తనే కూడబలుక్కుని ఆ పత్రికల దాకా వచ్చింది. ఆమె మొదట చదివిన కథలన్నిటికీ చిల్లులుండేవి. అతను తలుపు తీసి, ఆమె కళ్ళలోకి చూసి ఏమన్నాడో చదవబోతే అక్కడ జాకెట్టు మెడ. ఆమె ఉత్తరం విప్పితే అక్కడ చంక. కథలంటే ఇలాగే ఉంటాయేమో అనుకుంది కొన్నాళ్ళు.

ఒకనాడు జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి వచ్చిన ఒకావిడ, ఆమె చిల్లు చుట్టూ చదువుతుండటం చూసి, "అక్కడ అతను క్షమించమంటాడమ్మా, ఆవిడ ఒప్పుకోదు" అంది. చీరాల నేతవాళ్ళ పిల్ల, తెనాలి కోడలు. ఆ సీరియల్ అంతకు ముందే చదివేసింది. ఆవిడే వెంకటరత్నమ్మ. ఆ తర్వాత చిల్లులున్న చోటల్లా రత్నమ్మ చెప్పడం, నాగూర్‌బీ తిట్టడం. తర్వాత్తర్వాత ఇద్దరూ కలిసి పత్రిక కొనడం, సీరియళ్ళు బైండు చేయించడం. రుచులు మాత్రం కలవలేదు. నాగూర్‌బీకి ప్రేమ నవలలు కావాలి, రత్నమ్మకి పెద్ద నవలలు కావాలి. లెక్చరర్లు మెచ్చుకునేవి, లావుపాటివి.

అలాంటిది ఒకటి రత్నమ్మ బలవంతాన చదివించింది. అందులో పెద్దింటి మగాడు సత్యం వెతుక్కుంటూ ఇల్లొదిలి పోతాడు. ఎక్కడికి పోతున్నాడో పెళ్ళానికి చెప్పడు. ఆవిడ వాకిట్లో దీపం పెట్టి మూడొందల పేజీలు కూర్చుంటుంది. చివరికి అతనికి సత్యం దొరుకుతుంది. ఆవిడకేం దొరికిందో రచయిత రాయలేదు.

"అది లోతైన నవలే, నీకర్థం కాలేదు" అనేది రత్నమ్మ.

"లోతు ఎండిన నూతిక్కూడా ఉంటుందక్కా. నాకు నీళ్ళు కావాలి" అనేది నాగూర్‌బీ.

ఇప్పుడవన్నీ ఒక్కసారి గుర్తొచ్చి, ఆమె కోపం ఇంకాస్త మండింది. అంత పెద్ద నవలలు చదివి నేర్చుకున్నది ఇదన్నమాట!

"ఫోన్ చెయ్ దాదీ" అంది గౌసియా.

"చెయ్యను. చెప్పకుండా పోయేది తను, ఫోన్ చేసేది నేనా?"

"నేనిచ్చిన నవల్లో పిల్ల ఏం చేసింది మరి?"

పోయినసారి గౌసియా తెచ్చింది ఇంటర్ చదివే పిల్లల నవల. అందులో అందరూ ఫోన్లలోనే పోట్లాడుకుంటారు. మెసేజ్ చూసి జవాబివ్వకపోతే అదొక అధ్యాయం. మాట్లాడితే 'నాకు స్పేస్ కావాలి' అంటారు. "ముగ్గురు మనుషులకి నాలుగు గదులున్నాయి, ఇంకా ఎంత స్థలం కావాలి వీళ్ళకి?" అని నాగూర్‌బీ పేజీ పేజీకీ విసుక్కుంది. కానీ చివర్లో ఆ పిల్ల, స్నేహితురాలు తన నంబర్ బ్లాక్ చేస్తే, ఏడుస్తూ కూర్చోకుండా సైకిలెక్కి వాళ్ళింటికే పోయి బెల్లు కొట్టి, 'ఎందుకు?' అని అడిగింది. నాగూర్‌బీ చదివిన నవలల్లో అలా వెళ్ళి అడిగిన ఆడపిల్ల అదొక్కతే.

ఆమె లేచి, కొంగు తల మీదికి లాక్కుని, సంచి చంకన పెట్టుకుని చెప్పులేసుకుంది.

"అంత బరువు నువ్వెందుకు మోస్తావమ్మా?" అన్నాడు షఫీ.

"ఇన్నాళ్ళూ మోసింది నేనేగా" అంటూ వీధిలోకి నడిచింది.

వెంకటరత్నమ్మ ఇల్లు అప్పటికే బోసిగా ఉంది. సామాను ట్రాలీ ఆటోకి ఎక్కిస్తున్నారు. కూతురు నాగజ్యోతి చీర కుచ్చెళ్ళు దోపి గిన్నెలు మూటలు కడుతోంది. రత్నమ్మ ఖాళీ గది మధ్య కుర్చీలో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"ఏమక్కా, ఊటీకి ఎప్పుడు బయల్దేరుతున్నావు?" అంది నాగూర్‌బీ గుమ్మంలోంచే.

రత్నమ్మ తలెత్తి, సంచి చూసి, కళ్ళు దించుకుంది. "రా. కూర్చో. కుర్చీలెక్కించేశారు, ఆ పరుపు చుట్ట మీద కూర్చో."

"కూర్చోడానికి రాలేదు. ఈ పుస్తకాలు ఒక్కదాన్నే ఉంచుకోవడానికి నేనేమన్నా లైబ్రరీనా?"

"అరవకే. వీధంతా వింటారు."

"విననీ. వీధంతటికీ తెలుసు నువ్వు వెళ్తున్నావని. పాలవాడికి తెలుసు, నా కొడుక్కి తెలుసు. తెలియంది నాకే. ఊటీ పిల్లంటే ఇరవయ్యేళ్ళది, బుద్ధి లేదనుకుందాం. నీకేమొచ్చింది? ఆ దీపం పెట్టుకున్న ఇల్లాలి మొగుడున్నాడే, వాణ్ణి నేను తిడితే నువ్వు వెనకేసుకొచ్చావు. ఇప్పుడర్థమైంది, ఎందుకు వెనకేసుకొచ్చావో!"

నాగజ్యోతి మధ్యలోకి వచ్చింది. "పిన్నీ, అమ్మకి బీపీ..."

"నాకూ ఉందమ్మా బీపీ. మీ అమ్మదే బీపీయా?"

రత్నమ్మకి కూడా కోపమొచ్చింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ముందుకి వంగి అంది.

"చెబితే ఏం చేసేదానివే? నెల్రోజుల ముందు నుంచి ఏడ్చేదానివి. అన్నం మానేసేదానివి. నీ సంగతి నాకు తెలీదూ? ఇన్ని నవలలు చదివావు, ఒక్క నవల్లో అయినా మనుషులు విడిపోయే అధ్యాయం నువ్వు చదివావుటే? దారపు ముక్క గుర్తు పెట్టి నా చేతికిచ్చేదానివి. 'నువ్వు చదివి రెండు ముక్కల్లో చెప్పక్కా' అనేదానివి. చదివాను. నీ వంతు ఏడుపులు గూడా నేనే ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి చెప్పేదాన్ని. ఇదీ అట్లాంటిదే గదా, నేనొక్కదాన్నే చదివేస్తే సరిపోతుందనుకున్నా."

ఆ మాట నిజం. నాగూర్‌బీ తమ్ముడు బొంబాయి పనికి పోతూ గుమ్మంలో పిలిచినప్పుడు ఆమె దొడ్లో నీళ్ళు తోడుతోంది. వచ్చేసరికి బస్సు వేళయిందని వెళ్ళిపోయాడు. మళ్ళీ కనపడలేదు. హనీఫ్ గుంటూరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు పాలు తేవడానికి కిందికి దిగింది. పైకొచ్చేసరికి మంచం చుట్టూ నర్సులు. అప్పటినుంచీ నవల్లో ఎవరైనా పెట్టె సర్దుతుంటే ఆమె వేళ్ళు చల్లబడేవి. పేజీ తిప్పలేకపోయేది.

కానీ నిజమైనంత మాత్రాన కోపం పోతుందా?

"సరే. నేను చదవలేదు. నువ్వే చదివావు. కానీ చదివాక చెప్పేదానివా కాదా? ఎంత ఏడ్చినా, వచ్చి రెండు ముక్కలు చెప్పేదానివి. ఈసారి ఆ రెండు ముక్కలేవి? సంచిలో వెతికాను, కనపడలా."

రత్నమ్మ గోడకేసి మొహం తిప్పుకుంది.

"చెప్పు. నా మొహం చూసి చెప్పు. చెవులు మూసుకోను."

"పోయిన నెల పడ్డానే" అంది రత్నమ్మ. "స్నానాల గదిలో. పొద్దున పడితే పనమ్మాయి వచ్చిందాకా అట్లాగే ఉన్నా. జ్యోతికి చెప్పాను. ఇంక ఒక్కదాన్నే ఉండొద్దంది. నాకూ భయమేసింది. ఇంక నేను..." అక్కడ ఆగిపోయింది. పెద్ద పెద్ద నవలల చావులూ వియోగాలూ ఎండుమిరపకాయలు తుంచినట్టు తుంచి చెప్పిన మనిషి, ఆ ఒక్క వాక్యం పూర్తి చెయ్యలేక పిల్లలా వెక్కింది.

"పడ్డావా? పడితే నాకు చెప్పలేదా?" నాగూర్‌బీ గొంతు మళ్ళీ లేచింది. "అది గూడా దాచావా? నాలుగిళ్ళ అవతల ఉన్నానే నేను! కేకేస్తే వచ్చేదాన్నే!"

"కేకేశాను. నీకు వినపడలా" అంది రత్నమ్మ ఏడుస్తూనే.

నాగూర్‌బీ పరుపు చుట్ట మీద కూలబడింది. ఆ తర్వాత తిట్లు వచ్చాయిగానీ, ఎవర్ని తిడుతోందో ఆమెకే తెలియలేదు. రాసేవాళ్ళని తిట్టింది. వీడుకోలంటే రైలు స్టేషను, వాన, చెయ్యి ఊపడం అని రాస్తారు గానీ, స్నానాల గదిలో పడ్డ ముసలిదాని సంగతి ఒక్కడూ రాయడని తిట్టింది. మోకాళ్ళని తిట్టింది. తన చెవుల్ని తిట్టింది. తిడుతూనే కొంగుతో రత్నమ్మ మొహం తుడిచింది.

కారు వచ్చాక పుస్తకాల పంపకం జరిగింది.

"ఊటీది నువ్వు తీసుకుపో. నాకొద్దు."

"నాకెందుకే? దాన్ని చూస్తేనే నీకు పడదు గదా, నీ దగ్గరుంటేనే సరదా."

"అయితే ఆ సత్యం మొగుడు నీ దగ్గరుంటాడు."

"ఉండనీ. నువ్వు రేపల్లె వచ్చినప్పుడు తిడుదువుగాని."

చివరికి సగం పుస్తకాలు కారెక్కాయి. రత్నమ్మని ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టారు. ఎప్పటిలా అయితే ఇక్కడ నాగూర్‌బీ ఏదో వంకన లోపలికి పోయేది. కాళ్ళు అటే లాగాయి. గోడ పట్టుకుని నిలబడింది.

కారు కదిలింది. చూసింది. పది ఇళ్ళు దాటిందో లేదో ఆగిపోయింది. ముందు ఒక లారీ వీధికి అడ్డంగా నిలబడి ఇసుక దించుతోంది. నాగూర్‌బీ కాసేపు చూసింది. తర్వాత నడుచుకుంటూ కారు దగ్గరికి పోయి కిటికీలోకి వంగింది.

"మందులు పైన పెట్టుకున్నావా, సామాన్లో వేశారా?"

"పైనే ఉన్నాయి."

"స్నానాల గదిలోకి వెళ్తే గడియ పెట్టుకోకు."

"పెట్టుకోనులే."

ఇంక చెప్పడానికేమీ లేదు. లారీ కదలదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండిపోయారు. ఏ నవల్లోనూ వీడుకోలు ఇంతసేపు పట్టలేదు. రత్నమ్మకి నవ్వొచ్చింది. నాగూర్‌బీకి రాలేదు.

"నవ్వకు. నాకింకా కోపం పోలేదు. శుక్రవారం వస్తా, మిగతాది అక్కడ తిడతా."

"పొద్దున బండికే రా. జ్యోతి బీరకాయ పచ్చడి చేస్తుంది."

లారీ పక్కకి జరిగింది. కారు సాగింది. నాగూర్‌బీ వీధి మధ్యలో నిలబడి చూస్తూనే ఉంది. కారు వెనక అద్దంలో రత్నమ్మ తెల్లటి ముడి కనపడుతోంది. చేతుల్లో వేళ్ళు చల్లబడ్డాయి. అయినా చూపు తిప్పలేదు. వెనకెవరో ఆటో అబ్బాయి హారన్ మీద హారన్ కొట్టాడు.

"మామ్మా, పక్కకి జరుగు! ఎంతసేపు?"

"ఆగవయ్యా!" అని కసిరింది నాగూర్‌బీ, వెనక్కి తిరక్కుండానే. "ఇంకా కనపడతానే ఉంది."