బంతికి కుడిపక్క బరువు

చందానగర్ దాటాక ఉన్న ఫ్యాక్టరీ కాలనీ క్లబ్బులో రెండు బౌలింగ్ లేన్లు ఉండేవి. బరువైన బంతిని దొర్లించి, అవతలి కొసన నిలబెట్టిన పది పిన్నులను పడగొట్టే ఆట అది. యంత్రాలు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజినీర్లు వాటిని వేయించుకున్నారు. 1974 నాటికి వాళ్లు వెళ్లిపోయారు. ఒక ఇంజినీరు భార్య తన బంతిని వదిలి వెళ్లింది. ఆడవాళ్లు ఎత్తగలిగిన బంతి అదొక్కటే.

ఆదివారం సాయంత్రాలు లేన్లు ఆడవాళ్లవి. ఆ సాయంత్రాలను కూడా మగవాళ్లకే ఇవ్వాలని క్లబ్బు కార్యదర్శి విశ్వేశ్వరరావు అన్నాడు. ఆడవాళ్లలో ఎవరైనా ఆటలో తనను ఓడిస్తే ఆ మాట మానుకుంటానన్నాడు. టైపిస్టు నాగేశ్వరి ఒప్పుకుంది. ఆమె వేసిన బంతి కుడి అంచున వెళ్లి, చివర్లో ఎడమకు తిరిగి, ముందు పిన్నుకు పక్కనుంచి తగిలేది. అలా తగిలితేనే ఎక్కువ పిన్నులు పడతాయి. కానీ బంతిలో వేళ్లు దూర్చి పట్టుకునే రంధ్రాలు ఆ దొరసాని వేళ్లకు తీసినవి. నాగేశ్వరి వేళ్లకు అవి వదులు. బంతి ఒక్కోసారి ముందే జారిపోయేది.

ఆమె దాన్ని మెషిన్ షాపుకు తీసుకెళ్లింది. అక్కడ యంత్రాల్లో గిర్రున తిరిగే రోటర్లను బ్యాలెన్స్ చేసే పని వీరేశంది. రెండు ఉక్కు పట్టాల మీద రోటరును పెడితే, బరువెక్కువ ఉన్న పక్క కిందికి తిరుగుతుంది. అక్కడ డ్రిల్లు వేసి లోహం తీసేస్తారు. వీరేశం పాత రంధ్రాలను రెజిన్‌తో పూడ్చి, అది గట్టిపడ్డాక బంతిని ఆ పట్టాల మీద పెట్టాడు. ఎటు తిప్పి పెట్టినా ఒకే చోటు కిందికి వచ్చింది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టాడు. కొత్త రంధ్రాలను ఆ గుర్తు మీదే తీసి, బంతి కదలకుండా నిలిచేదాకా లోతు పెంచాడు.

రంధ్రాలు నాగేశ్వరి వేళ్లకు సరిపోయాయి. బంతి మాత్రం చివర్లో ఎడమకు తిరగడం మానేసింది. తిన్నగా వెళ్లి ముందు పిన్నును ఎదురుగా కొట్టి, రెండు పక్కలా పిన్నులను మిగిల్చింది. ఆమె మళ్లీ షాపుకు వచ్చింది.

"రోటరైతే గిట్లనే ఉండాలె. ఏడ పెడితే ఆడ్నే నిలుస్తది," అన్నాడు వీరేశం.

"రోటరు ఉన్నచోటే తిరుగుతుందండి. ఇది దూరం పోయి మలుపు తీసుకోవాలి."

"బరువు తీసెయ్యనీకే నాకు జీతమిస్తున్రు. ఉంచుమన్నోళ్లు మీరే మొదలు."

బరువును ఏ పక్క ఉంచాలో ఇద్దరికీ తెలియదు. పోటీ జరిగే ఆదివారంలోగా ఇంకొక్కసారి పూడ్చడానికే సమయం ఉంది. నాగేశ్వరి బంతిని ఆడేటప్పుడు పట్టుకున్నట్టు కుడిచేత్తో పట్టుకుంది. పాత రంధ్రాల పూడ్పులు కొత్తవాటికి కొంచెం ఎడమగా కనిపించాయి. కొత్తవి సరిగ్గా బరువున్న చోట తీసినవి. అంటే మొదట రంధ్రాలు తీసినవాడు బరువును వేళ్లకు కుడిపక్క వదిలాడు. అది కావాలని చేసిన పని అయి ఉంటుందని ఆమె అంది. వీరేశం పూడ్పుల మీద వేలు పెట్టి చూసి, సరేనన్నాడు. మళ్లీ పూడ్చి, ఈసారి ఎడమకు జరిపి, లోతు తగ్గించి తీశాడు.

ఆదివారం ఆట చివరి బంతి దాకా వచ్చింది. నాగేశ్వరి వేసింది. బంతి కుడి అంచునే చాలా దూరం వెళ్లింది. విశ్వేశ్వరరావు పోయిందన్నాడు. పిన్నులు దగ్గరపడ్డాక అది ఎడమకు తిరిగింది. ఒక్క పిన్ను మిగిలింది. గెలవడానికి అది పడనక్కర్లేదు.

ఆదివారం సాయంత్రాలు ఆడవాళ్లకే మిగిలాయి. మర్నాడు విశ్వేశ్వరరావు తన బంతితో మెషిన్ షాపుకు వచ్చాడు. వీరేశం దాన్ని పట్టాల మీద పెట్టి సుద్ద అందుకున్నాడు.

"మీరు ఏ చేత్తో ఆడుతరు సార్?"