పదకొండో గోడ

నిచ్చెన నాలుగో మెట్టు మీద పర్సిస్ ఆగింది. కుడి మోకాలు సాగనివ్వలేదు. గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడి, ఈసారి ఎడమ కాలు ముందు పెట్టి పరంజా మీదికి చేరింది. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో రైలు వంతెన కింద, ఆమె బొమ్మ వేస్తున్న గోడ అది. వానలు మొదలయ్యేలోగా పూర్తి కావాలి.

యాభై ఆరేళ్ల మనిషి. పొట్టిగా, బక్కపలచగా ఉంటుంది. గోళ్ల అంచుల్లో చేరిన రంగు ఎంత రుద్దినా పోదు. తెనాలిలో మిషన్ బడి డ్రాయింగ్ టీచరు. 2001లో భర్త జోనాథన్ ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చింది. డిపెండెంట్ వీసా మీద జీతం తీసుకోకూడదు. ఊరికే కూర్చోలేక తెలుగు చర్చిలో సండే స్కూల్ గోడకు నోవహు ఓడ వేసింది. గ్రీన్‌కార్డ్ వచ్చాక ఫ్రీమాంట్‌లో కిరాణా కొట్టు పక్కగోడ, ఆ తర్వాత లైబ్రరీ, పార్కింగ్ లాట్లు. మొత్తం పది. ఒకదాన్ని కూల్చేశారు, రెండింటి మీద తెల్లరంగు కొట్టేశారు. ఎవరైనా జాలిపడితే, “గోడ వాళ్లది. వేసింది మాత్రం నేనే,” అనేది.

పొద్దున పదకొండు గంటలకు ఈ గోడ పని చూసే కమిటీ నుంచి చక్రపాణి వచ్చాడు.

“పర్సిస్ గారూ, గోడ మీద నేల తుడిచే మాపు పట్టుకున్న ఆ లేడీ బదులు లాప్‌టాప్‌తో ఒక ఇంజనీర్‌ని వెయ్యండి. స్పాన్సర్స్ ఫీలవుతున్నారు.”

“స్కెచ్ మీద మీరే సైన్ చేశారు కదండీ. అందులో ఆవిడ ఉంది.”

“ఉంది. ఇంత పెద్దగా ఉంటుందనుకోలేదు. ఇలాగైతే వాళ్లు ఓపెనింగ్‌కి రారు.”

“రాకపోతే మానెయ్యమనండి. గోడ ఎక్కడికీ పోదు.”

ఆయన కారు కదిలాక ఆమె అరటిపండు తిని, మళ్లీ బ్రష్ అందుకుంది.

నాలుగింటికి లూపే వచ్చి ఆగింది. ఎదురు ఆఫీసులో బాత్రూములు కడిగే మనిషి. గోడ మీద మాపు పట్టుకున్న మనిషి ముఖం ఆమెదే.

“నా ముక్కు ఇంత పెద్దదా?” అంది తనకొచ్చిన ఇంగ్లీషులో.

“అంతే ఉంది.”

లూపే ముక్కు తడుముకుని నవ్వింది. తర్వాత నవ్వు మానేసి చాలాసేపు చూసింది. “మా అమ్మ ఇట్లాగే నిలబడేది,” అని, డ్యూటీకి టైమైందని వెళ్లిపోయింది.

వెలుగు తగ్గేలోపు పర్సిస్ బొమ్మలో ఆ కళ్లు పూర్తి చేసింది.

జోనాథన్ కారు తెచ్చాడు. “అయిందా?”

“అయింది. వార్నిష్ ఒక్కటే. రేపు పెందలాడే దింపండి, ఎండెక్కకముందే కొట్టాలి.”

ఇంట్లో పప్పన్నం తిని పడుకుంది. పొద్దున జోనాథన్ కాఫీ కలిపి పిలిస్తే పలకలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

సమాధి చేసిన నాలుగో రోజు జోనాథన్ వంతెన కిందికి వెళ్లాడు. చక్రపాణి ముందే వచ్చి ఉన్నాడు. అడక్కుండానే నిచ్చెన పట్టుకున్నాడు. బొమ్మ మార్చే మాట ఎత్తలేదు. జోనాథన్ పైకెక్కి, ఆ చివర నుంచి ఈ చివరకు వార్నిష్ తనే కొట్టాడు.

పరంజా పలక మూల ఆమె ఎడమచేతి రబ్బరు గ్లవ్ పడి ఉంది. ఎండిన రంగుకు బిగుసుకుపోయి, వేళ్లు ఇంకా ముడుచుకునే ఉన్నాయి.